కొను

నూట నలభై తొమ్మిది రూపాయలు.
జీతం పడ్డ సాయంత్రం, సింధియా దగ్గర బస్సు కోసం నిలబడి
"ఇప్పుడే కొనండి" అన్న గడి మీద వేలు పెట్టాను.
కొనండి అనే ఉంది, నాకు బాగా గుర్తు.
అద్దెకు అని లేదు, అరువుకు అని లేదు,
మా దయ ఉన్నన్నాళ్ళు అని అసలే లేదు.

పదకొండు రాత్రులు.
మల్కాపురం వెళ్ళే ఆఖరి బస్సులో,
కరెంటు పోతే దోమతెర లోపల
ఆ పలక వెలుగునే దీపం చేసి.
నచ్చినచోట గీతలు గీసుకొన్నాను.
ఒక పేరా పక్కన
"మా అమ్మ కూడా ఇంతే, అరిచాకే అన్నం పెట్టేది"
అని రాసుకొన్నాను.

పన్నెండో రాత్రి
అట్టబొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు చదరం.
"ఈ శీర్షిక ఇకపై మీ గ్రంథాలయంలో లేదు."
నా గ్రంథాలయం అట!
చెయ్యి మారితే పుస్తకం పోయినట్టే అని పాత మాట.
ఇది చెయ్యి మారలేదు.
నా చేతిలో ఉండగానే పోయింది.

"డబ్బులు ఎనక్కొచ్చేయి కదేటి, ఇంకేటి నీ గోల?"
అన్నాడు ఎల్లాజీ, బఠాణీలు నములుతూ.
వచ్చాయి. పైసా తగ్గకుండా,
నేను అడక్కుండానే వచ్చాయి.
అమ్మ గురించి రాసిన ముక్కకి మాత్రం
ఎవరూ రేటు కట్టలేదు.

హుద్‌హుద్ వచ్చిన ఆదివారం
మా రేకులు లేచి ఎవరి దొడ్లో పడ్డాయో ఇప్పటికీ తెలీదు.
పూర్ణా మార్కెట్ బండి మీద పది రూపాయలకి బేరమాడిన
డిటెక్టివ్ నవల, నీళ్ళు తాగి పూరీలా పొంగింది.
మూడు రోజులు ఎండేశాను, పేజీకో రాయి పెట్టి.
ఈనాటికీ మూస్తే మూసుకోదు, వాసన వేస్తుంది,
లోపల "బి. సింహాద్రమ్మ, బుచ్చిరాజుపాలెం"
పెన్సిల్‌తో, కొంచెం కుడికి వాలి.
ఊళ్ళో చెట్లన్నీ పీకిన గాలి
దాన్ని నా దగ్గర్నించి తీసుకుపోలేకపోయింది.

నా ఉద్యోగం చెప్పలేదు కదూ.
రేవులో క్రేను నడుపుతాను.
పైన గూట్లో కూర్చుని కాదు, అది ఎల్లాజీ రోజుల్లో.
నాకు దూరంగా ఒక ఏసీ గది, నాలుగు తెరలు, రెండు పిడులు.
నంబరు వస్తుంది, ఎత్తుతాను.
ముప్ఫై టన్నులు, నా మణికట్టుకి బరువే తెలియదు.
లోపల ఏముందో, ఎవరు కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారో
నంబరు చెప్పదు.
మొన్న దించిన పెట్టెనే గంటలో మళ్ళీ ఓడెక్కించమన్నారు.
ఎందుకని అడగలేదు.
టీ చల్లారిపోతోంది.

అందుకే,
ఎక్కడో ఇలాంటి గదిలో
నాలాంటిదే ఒకతె నంబరు చూసి మీట నొక్కి ఉంటుందని
ఊహించగలను.
ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.
రానందుకు నా మీద వచ్చింది.

మన కోసం మనం చేసే పనికి
చివర కొను తగిలిస్తాం, అని బళ్ళో చెప్పారు.
దాచుకొను. రాసుకొను. చదువుకొను.
ఆ పూట నేను కిటికీలోంచి ఓడలు లెక్కపెడుతున్నాను.
ఇప్పుడు ఆ చివరి ముక్క ఊడి పడ్డాక
పాఠం అర్థమైంది.
చదివాను, అంతే.
రాశాను, అంతే.

ఇంకా అరవై పేజీలుండాలి.
ఆ కథలో నీలవేణి ఒక కాలు పడవలో పెట్టి,
ఒక కాలు ఒడ్డునే ఉంచి ఆలోచిస్తోంది.
యారాడ కొండ మీంచి దీపస్తంభం వెలుగు
వచ్చి చూసి పోతోంది.
టాలీ పుస్తకం వెనకట్ట మీద
గుర్తున్న వాక్యాలు రాస్తున్నాను. నాలుగు వచ్చాయి.
మూడోది పుస్తకంలోదో నాదో తేలడం లేదు.

ఎల్లాజీ భుజం మీంచి తొంగిచూశాడు.
"ఇంతకీ ఎక్కిందేటి ఆ పిల్ల?"

నంబరు వచ్చింది.
పిడి పట్టుకొన్నాను.